ఒకే గైడు, పదకొండు జవాబులు

సంపాదకులకు,

అంబాజీపేటలో ముప్ఫై ఏళ్లు ఇంగ్లిష్ చెప్పి రిటైరయ్యాను. సాయంత్రాలు మా అరుగు మీద పన్నెండో తరగతి పిల్లలు చదువుకుంటారు. మొన్న ఒక పద్యం మీద పదకొండు మంది రాసిన జవాబులు దిద్దాను. అన్నిటికీ మొదటి వాక్యం ఒకటే, కామాతో సహా గైడులోదే. పిల్లల్ని ఏమనను? బడిలో అలాగే బట్టీ పట్టించారు.

నోట్సులు మూయించి, పూల మీద ఉన్న ఒక్క పంక్తి పలక మీద రాశాను. "'ఊగాయి' అనకుండా కవి 'ఆడాయి' అని ఎందుకన్నాడు?" చాలాసేపు ఎవరూ నోరు విప్పలేదు. చివరికి ఒకమ్మాయి, "ఊగడమంటే గాలి పనండీ. ఆడడమంటే పువ్వు పని. మన కాలవలో గుర్రపుడెక్క పూలు చూడండి టీచరుగారూ" అంది. ఆ మాటనే ఇంగ్లిషులో రాయించాను. తప్పులొచ్చాయి, కూర్చుని దిద్దుకున్నాం. ఆ పేరా మాత్రం అచ్చంగా ఆ పిల్లదే.

సీబీఎస్ఈలో ఈ పేపరు 80 మార్కులకు. ప్రశ్నపత్రం చదువుకోవడానికే 15 నిమిషాలు విడిగా ఇస్తారు. ప్రశ్న అసలు ఏమడుగుతోందో, జవాబుకు ఏ పంక్తి ఆధారమో ఆ పావుగంటలో ఆలోచించుకోవడం నేర్పాలి. పరీక్షల లోపు వారానికి ఒక్క పీరియడైనా ఇందుకు ఇవ్వమని ప్రిన్సిపాళ్లను చేతులెత్తి అడుగుతున్నాను.

– ఒక విశ్రాంత ఇంగ్లిష్ టీచరు, అంబాజీపేట, కోనసీమ జిల్లా