"పరిష్కారమైంది" అని మీరు మూసేసిన నా ఫిర్యాదు గురించి

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

నమస్కారం. ఇన్ని వారాల్లో మీ కంపెనీలో ఒకే మనిషి రెండోసారి నాతో మాట్లాడిన పాపాన పోలేదు. కాబట్టి ఈ ఉత్తరం చదివేది కూడా కొత్తవాళ్లే అయ్యుంటారు. మొదటినుంచి చెప్పడం నాకెలాగూ అలవాటైపోయింది, చెప్తాను.

లాప్‌టాప్ నుంచి పంపిన అక్షరాలూ బొమ్మలూ కాగితంలో కోసే మీ కటింగ్ మెషిన్‌కి బ్లూటూత్ నిలవడం లేదు. కనెక్ట్ అవుతుంది, కోత మధ్యలో తెగిపోతుంది. సమస్య ఇంతే. మిగతా ఉత్తరమంతా మీ గురించే.

మొదటిసారి ఫోన్ ఎత్తినతను మెషిన్‌కీ లాప్‌టాప్‌కీ మధ్య 15 అడుగులకు మించి దూరం ఉండకూడదన్నాడు. రెండూ ఒకే టేబుల్ మీద ఉన్నాయన్నాను. "ఇంకాస్త దగ్గరగా జరపండి మేడమ్" అన్నాడు. కుట్టుపని టేపు తెచ్చి కొలిచాను, రెండున్నర అడుగులు వచ్చింది. ఇంకా దగ్గరంటే లాప్‌టాప్‌ని మెషిన్ నెత్తిన ఎక్కించాలి. నవ్వకండి, అదీ చేశాను.

రెండో అతను మైక్రోవేవ్ ఆపమన్నాడు. అదీ బ్లూటూతూ 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరే పనిచేస్తాయి కాబట్టి ఒకదానికొకటి అడ్డుపడొచ్చట. మాట నిజమే, కాదనను. మా ఇంట్లో మైక్రోవేవ్ లేదు. ఆ సంగతి చెప్పాక కూడా "ఒకసారి ఆపి చూడండి" అన్నాడు.

మూడో అతను ఫోన్‌లో లొకేషన్ పర్మిషన్ ఇచ్చారా అని అడిగాడు. నేను వాడేది లాప్‌టాప్ బాబూ అన్నాను. "సరే మేడమ్, ఫోన్ సెట్టింగ్స్‌లోకి వెళ్లండి" అన్నాడు. ఎదురుగా ఉన్న కాగితం చూసి చదువుతున్నాడని అప్పుడు అర్థమైంది.

నాలుగో అతను వీళ్లందరినీ మించిపోయాడు. రౌటర్‌లో 5 గిగాహెర్ట్జ్ తీసేసి 2.4 పెట్టుకోమని అరగంట కూర్చోబెట్టాడు. నా మోడల్‌లో అసలు వైఫై లేదండీ, బ్లూటూత్, యూఎస్‌బీ మాత్రమే ఉన్నాయన్నాను. కాసేపు నిశ్శబ్దం. తర్వాత 18 నిమిషాలు మీ సంగీతం వినిపించాడు. మీ మెషిన్‌లో ఏముందో మీకు నేను చెప్పాల్సి వచ్చింది. దానికి జీతమేమైనా ఇస్తారా?

ఇక ఆడియో సంగతి. లాప్‌టాప్‌లో మీ మెషిన్ పేరు కింద "ఆడియో" అని కనిపిస్తుంది. అదే తప్పు, వెంటనే తీసేయండి అన్నారొకరు. తీసేసి మళ్లీ పెయిర్ చేసి, అడిగితే 0000 కొట్టాను. మళ్లీ ఆడియో అనే వచ్చింది. అది ఎప్పుడూ అలాగే కనిపిస్తుంది, ముట్టుకోకండి అన్నారు మర్నాడు ఇంకొకరు. మీలో మీరు మాట్లాడుకుని ఒక మాట మీద ఉంటే, నేను కూడా దాని మీదే ఉంటాను.

నిజానికి ఒక్కరే ఒక్కరు నా మాట విన్నారు. ఒక అమ్మాయి. ముందు నన్ను చెప్పనిచ్చింది. ఆ తర్వాత, "ఇంట్లో ఇంకెవరి దగ్గరైనా ఈ మెషిన్ పెయిర్ అయి ఉందాండీ? ఒకసారికి ఒకదానితోనే కనెక్ట్ అవుతుంది" అని అడిగింది. వెళ్లి చూస్తే మా పాప పాత టాబ్లెట్‌లో ఉంది! అది తీసేశాను. "ఇంకొకటి కూడా చూడాలి మేడమ్, లైన్లో ఉండండి" అంది. కాల్ కట్ అయింది.

తిరిగి చేస్తే ఎత్తింది వేరే అతను. ఆ అమ్మాయికి కలపమంటే, "అలా కుదరదు, నేనూ అదే సాయం చేయగలను" అన్నాడు. చేశాడు. మెషిన్‌ని లాప్‌టాప్‌కి దగ్గరగా జరపమన్నాడు.

టాబ్లెట్ తీసేశాక కొంత నయం. కరెంటు ఆదా చేయడానికి లాప్‌టాప్ బ్లూటూత్‌ని నిద్రపుచ్చుతుందని ఎక్కడో చదివి, డివైస్ మేనేజర్‌లో ఆ టిక్కు కూడా నేనే తీసేశాను. అప్పటినుంచి పావుగంట దాకా నిలుస్తోంది. అక్షరాలు కోయడానికి పావుగంట చాలదు. పాప పుట్టినరోజు ముందురోజు రాత్రి "శుభాకాంక్షలు" కోస్తుంటే "శుభా" దగ్గర ఆగింది. కాగితం అంటించిన మ్యాట్ బయటికి తీస్తే మళ్లీ అదే చోటు నుంచి మొదలుపెట్టలేం కదా. మిగిలిన మూడక్షరాలూ కత్తెరతో కోశాను. గోడ మీద ఇప్పటికీ ఉంది, మొదటి రెండక్షరాలు మీవి, ఆ వంకర "క్ష" నాది.

మర్నాడు మీ మెయిల్: "మీ సమస్య పరిష్కారమైంది. మా సేవకు ఎన్ని స్టార్లు ఇస్తారు?" ఎవరు పరిష్కరించారు? ఎప్పుడు? నన్నెవరైనా అడిగారా? ఆ మెయిల్‌కి జవాబిస్తే, దీనికి జవాబివ్వకూడదని ఇంకో మెయిల్ వచ్చింది.

వైరు పెట్టుకోండి, వైరుతో బాగానే నడుస్తుంది అని మాత్రం మీవాళ్లందరూ చెప్పారు. తెలుసండీ. మీ పాత మోడల్‌ని తొమ్మిదేళ్లు వైరుతోనే నడిపాను, ఒక్కసారి కూడా మీకు ఫోన్ చేయలేదు. వైరు వద్దనుకునే కదా ఇది కొన్నది! బయట చవకవి దొరుకుతున్నా బ్లేడూ మ్యాటూ మీవే కొన్నాను. ఐదుగురు స్నేహితురాళ్ల చేత మీ మెషినే కొనిపించాను. వాళ్లిప్పుడు ఫోన్ చేసి "నీది బాగైందా?" అని అడుగుతుంటే నాకు తలకొట్టేసినట్టుంది.

పాడైన వస్తువు మీద నాకంత కోపం లేదు. వస్తువన్నాక పాడవుతుంది. నేను చెప్పింది ఒక్కచోట కూడా రాసుకోలేదు చూడండి, అదీ నా బాధ. ఫోన్ చేసిన ప్రతిసారీ మెషిన్ పేరు, సీరియల్ నంబరు, ఎప్పుడు కొన్నారు, ఆఫ్ చేసి ఆన్ చేశారా. పాడిందే పాట.

వారం చూస్తాను. ఆ తర్వాత వినియోగదారుల కోర్టుకే వెళ్తానో, ఇదంతా నేనున్న ప్రతి క్రాఫ్ట్ గ్రూపులోనూ పెడతానో, ఈ మెషిన్ తెచ్చి మీ ఆఫీసు గుమ్మంలో పెట్టి వస్తానో నాకే తెలియదు. మార్చి ఇస్తారో, డబ్బులు వెనక్కిస్తారో మీ ఇష్టం. అన్నిటికంటే ముందు ఆ అమ్మాయిని కనుక్కుని, నాకు చెప్పబోయిన ఆ రెండో సంగతేమిటో అడగండి. మీలో ఆ ఒక్కరికే తెలిసినట్టుంది.

ఇట్లు,
మీ పాత కస్టమర్

(ఫిర్యాదు నంబరు ఏదని అడుగుతారు. నాలుగిచ్చారు, నాలుగూ మూసేశారు. మీకు నచ్చింది తెరుచుకోండి.)