పాలు పట్టొద్దన్న అమ్మాయికీ, మా వీధి వాళ్ళకీ

మా మేకపిల్ల బతికింది. ఇప్పుడు తల్లి పొదుగు అదే వెతుక్కుని, తోక ఆడిస్తూ తాగుతోంది. చెన్నై మాధవరంలో మా వీధిలో సగం మందికి ఈ సంగతి తెలుసు, మిగతా సగం మంది ఫోన్ చేసి అడుగుతున్నారు. ఆ హడావుడిలో ఎవరెవరు ఏం చేశారో ఒకరికొకరికి తెలియదు. అది తెలియాలని రాస్తున్నాను.

మేకలు మా అత్తమ్మవి. నాయుడుపేట నుంచి కాపురానికి వచ్చిన నాటి నుంచీ ఆమె చేతికింద ఒకటో రెండో మేకలు లేని రోజు లేదంటారు. చెన్నైలో మేకలేంటని అడిగేవాళ్ళు పొద్దున్నే ఒకసారి వ్యాసర్పాడి వైపో పుళల్ వైపో వచ్చి చూడండి, ఆటోలకి దారివ్వకుండా రోడ్డు మధ్యలో పడుకుని ఉంటాయి.

మేక చూలు అటూ ఇటూగా 150 రోజులు. పోతుతో కలిపిన తేదీని అత్తమ్మ క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకుంటుంది. ఆ లెక్కన ఇంకా రెండు వారాలు ఉండగానే, వాన పట్టుకుని వదలని ఒక రాత్రి అది ఈనేసింది. రెండు పిల్లలు. ఒకటి చనిపోయే పుట్టింది. రెండోదానికి ఊపిరి ఉంది, అంతే. వెంట్రుక పట్టులా పలచగా ఉంది, చెవులు వాలిపోయాయి. నెలలు నిండిన పిల్లకి కింది ముందుపళ్ళు అప్పటికే కనిపిస్తుంటాయి, దీనికి ఉత్త చిగురే. పక్కనున్న కిరాణా కొట్టతన్ని లేపి తూకం వేస్తే కిలో నూరు గ్రాములు. నోట్లో వేలు పెడితే చప్పరించడం లేదు.

ఇక అందరిదీ ఒకటే మాట, ముందు పాలు పట్టండి అని. అత్తమ్మ అదే అంది, ఎదురింటివాళ్ళు అదే అన్నారు, వీడియో కాల్‌లో మా ఆడపడుచూ అదే. స్పూను వచ్చింది, ఫిల్లరు వచ్చింది, ఎవరో పిల్లాడి పాలసీసా కూడా తెచ్చిచ్చారు. ఆ సమయంలో మా ఆడపడుచు కూతురు తన స్నేహితురాల్ని లైన్లోకి తీసుకుంది. వేపేరి పశువైద్య కళాశాలలో ఇంటర్న్‌షిప్ చేస్తున్న చిత్తూరు అమ్మాయి. నిద్రలోంచి లేచిన గొంతుతో ఆ అమ్మాయి అన్న మొదటి మాట, "అక్కా, పాలు మాత్రం పట్టొద్దు."

అందరికన్నా ముందు ఈ అమ్మాయికే థాంక్స్ చెప్పాలి. చుట్టూ అంతమంది పెద్దవాళ్ళు, చేతిలో చచ్చిపోయేలా ఉన్న పిల్ల, అలాంటప్పుడు "వద్దు" అని గట్టిగా చెప్పడం మాటలు కాదు. ఊరికే వద్దనలేదు, ఎందుకో కూడా చెప్పింది. ఒళ్ళు చల్లబడ్డ పిల్లకి పేగు పని చేయదు, పట్టిన పాలు అరక్క లోపలే ఉండిపోతాయి. చప్పరించలేని పిల్లకి బలవంతంగా పోస్తే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి, ఆకలితో పోకపోయినా దాంతో పోతుంది. "పుట్టి ఎన్ని గంటలైంది?" అని రెండు మూడు సార్లు గుచ్చి గుచ్చి అడిగింది. అప్పుడు చాదస్తం అనిపించింది కానీ దానికీ కారణం ఉంది. పుట్టిన మొదటి నాలుగైదు గంటల్లో అయితే పిల్ల ఒంట్లో కాస్త కొవ్వు నిల్వ ఉంటుంది కాబట్టి నేరుగా వెచ్చబెట్టొచ్చు. ఆ సమయం దాటి, కడుపులో ఏమీ లేకుండా చల్లబడిపోయిన పిల్లని ముందు గ్లూకోజ్ ఇవ్వకుండా వేడి చేస్తే ఫిట్స్ వచ్చి పోవచ్చట.

మామూలు జ్వరం థర్మామీటరుకి కొబ్బరినూనె రాసి వెనకనుంచి పెట్టి చూస్తే 95 చూపించింది. మేకపిల్లకి 102, 103 ఉండాలి. చెన్నైలో చలేంటి అనుకుంటాం. నిజమే, మనకి ఫ్యాన్ ఆపేంత చలి కూడా కాదు. కానీ ఉమ్మనీటితో తడిసి, ఒంట్లో కండ లేని ఆ ప్రాణానికి వాన గాలి చాలు.

పాత చీరలతో తుడిచాం. పైవాటా వాళ్ళ హెయిర్ డ్రయ్యర్ పెట్టాం. కాస్త వెచ్చబడుతోంది అనుకునేలోపు కరెంటు పోయింది.

ఇస్త్రీ అన్న గురించి ఇక్కడ చెప్పాలి. మా మలుపులో బండి పెట్టుకునే అన్న ఎవరూ పిలవకుండానే వచ్చాడు. టార్పాలిన్ కింద, ఆ వానలో బొగ్గులు రాజేశాడు. మా దుప్పట్లు మడతపెట్టి వాటి మీద పెట్టె తిప్పేవాడు, ఆ మడతని ముందు తన చెంపకి ఆనించుకుని చూసేవాడు, ఎక్కువ కాలుతుంటే ఒకసారి విదిలించి అప్పుడు ఇచ్చేవాడు. ఒకటి పిల్లకి చుట్టేసరికి రెండోది సిద్ధం. అలా ఇచ్చిన దుప్పట్లకి లెక్కలేదు. తడి వెంట్రుకల్లోంచి సన్నగా ఆవిరి లేచింది. పిల్ల వణకడం మొదలుపెట్టింది. మేం భయపడిపోయాం కానీ ఫోన్లో ఆ అమ్మాయి "వణుకుతోందా? అయితే మంచిదే అక్కా" అంది. మరీ చల్లబడిపోయిన పిల్లకి వణికే శక్తి కూడా ఉండదట. తెల్లారాక డబ్బులివ్వబోతే అన్న తీసుకోలేదు. ఒక దుప్పటి మాడిందని తనే నొచ్చుకున్నాడు. ఆ మాడిన దుప్పటి ఇప్పుడు పిల్లదే.

ఒంటి వేడి 100 దాటాక పాల గొడవ వచ్చింది. నెలలు నిండలేదు కదా, తల్లికి పొదుగు దిగలేదు. పిండితే చేతికి జిగట తగిలింది, అంతే. మేకల్లో తల్లి కడుపులో ఉండగా పిల్లకి రోగాన్ని తట్టుకునే శక్తి అందదు, అంతా జున్నుపాలలోనే వస్తుంది. అదీ మొదటి రోజే, గంట గడిచేకొద్దీ పేగు దాన్ని పీల్చుకోవడం తగ్గిపోతుంది. వెనక వీధి తమిళ పాటి (బామ్మ) వాళ్ళ మేక ముందురోజే ఈనింది. దాని పిల్లలకి ఉంచి, మిగిలింది పాటి పిండి స్టీలు చెంబులో పోసి, పైన కొంగు కప్పుకుని వానలో మోసుకొచ్చింది. మోకాళ్ళ నొప్పుల మనిషి. ఆ పాలని పొయ్యి మీద పెట్టబోతే మళ్ళీ ఫోన్లోంచి కేక. పొయ్యి మీద పెడితే అయ్యేది జున్నే! వేడినీళ్ళ గిన్నెలో చెంబు ఉంచి గోరువెచ్చ చేశాం.

పట్టడం ఎలా? పైవాటాలో అద్దెకుండే నర్సమ్మ నెలలు నిండని పసికందుల వార్డులో పని చేస్తుంది. డ్యూటీ నుంచి అప్పుడే వచ్చింది, యూనిఫాం కూడా మార్చుకోలేదు. మెడికల్ షాపు తమ్ముడు షట్టరెత్తి పసిపిల్లల ఫీడింగ్ ట్యూబ్ ఇచ్చాడు. చిత్తూరు అమ్మాయి చెబుతుంటే, నర్సమ్మ ముక్కు కొస నుంచి ఆఖరి పక్కటెముక దాకా కొలిచి, ట్యూబు మీద ప్లాస్టర్ ముక్కతో గుర్తు పెట్టింది. నాలుక పక్కనుంచి మెల్లగా దించింది. మెడ ఎడమవైపు వేలితో తడిమి, ట్యూబు తగిలాక, దగ్గు లేదని చూసుకుని అప్పుడు పాలు వదిలింది. సిరంజి తోయలేదు, పైకెత్తి పట్టుకుంటే వాటంతట అవే దిగాయి. మొదటిసారి ఒక చిన్న టీ కప్పులో సగం కూడా లేవు. రోజు మొత్తానికి బరువులో పదోవంతైనా పోవాలి, విడతలు విడతలుగా. ఇది చదివి ఎవరూ సొంతంగా ట్యూబు వేయకండి. ఆ చేతులకి రోజూ అదే పని కాబట్టి కుదిరింది.

తెల్లవారాక మళ్ళీ తల వాల్చేసింది. దగ్గర్లో ఒక క్లినిక్‌లో మేము మేకల్ని చూడం అన్నారు, సరే. రెండు ఆటోలు ఆగి, బుట్టలో ఏముందో చూసి వెళ్ళిపోయాయి. మూడో ఆయన "ఏరుంగమ్మా" (ఎక్కండమ్మా) అని, రెండువైపులా తెర దించి, గుంతల్లో మెల్లగా పోనిచ్చాడు. ఆ అన్న పేరు కూడా అడగలేకపోయాం. ఇది ఆయన దాకా చేరితే బాగుండు.

వేపేరి కాలేజీ 1903 నాటిది. బస్సులో దాని ముందునుంచి పోవడమే కానీ లోపలికి వెళ్ళింది లేదు. అక్కడ ఓపీలో పెద్ద డాక్టరుగారు పిల్లని ముందుకాళ్ళు పట్టుకుని నిలువుగా ఎత్తమని, బొడ్డుకి పక్కగా సూది దించి, పొట్టలోకి గోరువెచ్చని గ్లూకోజ్ ఎక్కించారు. కాసేపటికి కళ్ళు తెరిచి, అరవబోయి అరవలేక నోరు తెరిచింది. బొడ్డుకి టింక్చర్ అయోడిన్ ముంచారు. ఊపిరిలో గరగర ఉందని యాంటీబయాటిక్ మొదలుపెట్టారు. నెలలు నిండని పిల్లలకి ఊపిరితిత్తులు విచ్చుకోవడమే కష్టమట, టెన్షన్ అంతా ఆ గరగర తగ్గేదాకానే.

డాక్టరుగారు మమ్మల్నీ వదల్లేదు. మేక ముందే ఈనిందంటే బ్రూసెల్లా అనే సూక్ష్మజీవి లాంటిదేమైనా ఉండొచ్చు, అది మనుషులకీ అంటుతుందని తల్లి రక్తం పరీక్షకి రాశారు. మాయని చేత్తో ముట్టుకోకుండా సున్నం వేసి లోతుగా పాతిపెట్టమన్నారు, కడుపుతో ఉన్నవాళ్ళని అటువైపే రానివ్వొద్దన్నారు. పరీక్షలో ఏమీ లేదని వచ్చింది. ఎదురింటి అమ్మాయి ఏడో నెల. పిల్లని ఎత్తుకుంటానని ఎంత అడిగినా మేం గేటు దగ్గరే ఆపేశాం. తను అలిగింది. తప్పలేదు చెల్లీ, బిడ్డని కన్నాక నువ్వే వచ్చి ఎత్తుకో.

తర్వాతంతా రాత్రిళ్ళు అలారం పెట్టుకుని లేవడమే. ఆ పని మా ఆయనది, అందుకు ఇంట్లోనే థాంక్స్ చెప్పుకున్నాను. ఒక తెల్లవారుజామున నర్సమ్మ ట్యూబు దించబోతూ అలవాటుగా నోట్లో వేలు పెట్టి, "ఇలా రా, నీ వేలు పెట్టు" అంది. పెట్టాను. వేలిని అంగిలికి నొక్కి లాగింది. ట్యూబు ఆరోజే తీసేశాం.

ఇంకో సంగతి. మీ వస్తువులు మా ఇంట్లో చాలా ఉండిపోయాయి. హెయిర్ డ్రయ్యరు, రెండు వేడినీళ్ళ సంచులు, ఎవరిదో నీలం అంచు తువ్వాలు, పాటి వాళ్ళ స్టీలు చెంబు. అన్నీ కడిగి ఉంచాం, సాయంత్రం వచ్చి తీసుకెళ్ళండి, అలాగే టీ కూడా తాగి వెళ్ళొచ్చు. థర్మామీటరు ఇచ్చినవాళ్ళు మాత్రం దాన్ని అడగొద్దు, కొత్తది కొనిచ్చేస్తాం.