ఈస్ట్ ఏడీహెచ్ ఎంజైమ్ పాడై వచ్చింది, వేరేది పంపండి

కస్టమర్ కేర్ వాళ్ళకి,

నమస్తే అండీ, ఇదే విషయం మీద మూడోసారి రాస్తున్నా. హైదరాబాద్‌లో మా కాలేజీ బయోకెమిస్ట్రీ ల్యాబ్‌కి మీ దగ్గర ఈస్ట్ ఆల్కహాల్ డీహైడ్రోజినేజ్ (ఏడీహెచ్) ఎంజైమ్ పౌడర్ 15000 యూనిట్లది ఆర్డర్ పెట్టాం. మైనస్ 20లో ఉంచాలని లేబుల్ మీద మీరే రాశారు, మరి మే నెల ఎండల్లో శుక్రవారం సాయంత్రం మీ కొరియర్ అబ్బాయి కనీసం ఫోన్ కూడా చేయకుండా గేటు దగ్గర సెక్యూరిటీకి ఇచ్చేసి వెళ్ళిపోయాడు, సోమవారం పొద్దున నేను థర్మకోల్ డబ్బా తెరిస్తే జెల్ ప్యాకులు గోరువెచ్చగా ఉన్నాయి. వయల్‌లో పొడిపొడిగా ఉండాల్సింది మూత లూజో ఏమో చెమ్మ పట్టి గాజుకి ముద్దలా అంటుకుపోయింది.

అయినా సరే చూద్దామని అస్సే, అంటే ఎంజైమ్ ఎంత చురుగ్గా పనిచేస్తుందో కొలిచే టెస్ట్, పెట్టా. పీహెచ్ 8.8 పైరోఫాస్ఫేట్ బఫర్, ఇథనాల్, అప్పటికప్పుడు కలిపిన ఎన్‌ఏడీ (ఎంజైమ్ పనిచేస్తే ఎన్‌ఏడీహెచ్‌గా మారే సహాయక పదార్థం), 25 డిగ్రీలు, ఆ ఎన్‌ఏడీహెచ్ కాంతిని పీల్చుకునే 340 నానోమీటర్ల దగ్గర రీడింగ్. నిమిషానికి 0.02 పెరిగింది అంతే. మా ఫ్రీజర్‌లో రెండేళ్ళ కిందటి మీదే పాత వయల్ కొంచెం మిగిలుంటే అదే బఫర్‌లో అంతే ఎంజైమ్ వేసి చూశా, 0.12 వచ్చింది. ఆరో వంతు!

దీనికి మీవాళ్ళ జవాబు ఏంటంటే "మీ బఫర్ చెక్ చేసుకోండి, వయల్‌లో బరువు కరెక్టుగానే ఉంది" అని. ఎంజైమ్‌ని గోధుమపిండిలా కిలోల లెక్కన కొంటామా అండీ, నిమిషానికి ఎన్ని మైక్రోమోల్స్ ఇథనాల్‌ని ఎసిటాల్డిహైడ్ చేస్తుందో చూసి కదా కొనేది. బఫర్ తప్పైతే పాత వయల్ ఎలా పనిచేసింది? ఇది నాలుగు సబ్‌యూనిట్లు కలిసి ఉంటేనే నడిచే ఎంజైమ్, అందులో జింక్‌ని పట్టుకునే సిస్టీన్లు (ఒక రకం అమైనో ఆమ్లాలు) ఆక్సిడైజ్ అయ్యాయంటే ఇంక గోవిందా, ఈ సంగతి నాకంటే మీకే బాగా తెలియాలి.

మీ ఫ్యాక్టరీలో టెస్ట్ చేసినప్పుడు బాగానే ఉండి ఉంటుంది, కాదనట్లేదు, దారిలో పోయింది. మూడు కొటేషన్లు తెచ్చి, ఇండెంట్ మీద సంతకాలు పెట్టించి కొన్నాం, ఇప్పుడు 24 మంది ఎమ్మెస్సీ పిల్లల ప్రాక్టికల్ ఆగిపోయింది, మళ్ళీ కొనడానికి మా దగ్గర డబ్బుల్లేవు.

కాబట్టి ఫ్రీగా వేరే వయల్ పంపండి, డ్రై ఐస్‌లో, సోమవారం బయల్దేరేలా, డెలివరీకి ముందు నాకు ఫోన్ చేయమనండి. పాడైన వయల్, అది వచ్చిన డబ్బా, రెండు రన్‌ల గ్రాఫులు దాచి ఉంచా, ఫోటోలు ఈ మెయిల్‌కి జత చేశా. ఈసారైనా "బఫర్ చెక్ చేసుకోండి" అని మాత్రం రాయకండి ప్లీజ్.

ఇట్లు,
ల్యాబ్ ఇన్‌ఛార్జ్