బాబాయి మీద వేసిన హత్యానేరం

సంపాదకుల గారికి నమస్కారం,

పోయిన ఆదివారం మీ టూరిజం పేజీలో జర్మనీలోని నోయిష్వాన్‌స్టైన్ కోట గురించి వేశారు. ఫొటోలు బాగున్నాయి కానీ చివర్లో ఆ కోట కట్టించిన పిచ్చిరాజు రెండో లుడ్విగ్‌ని సింహాసనం కోసం బాబాయే చంపించాడని ఒక్క లైన్లో తేల్చిపారేశారు, అది చదివి ఊరుకోలేక రాస్తున్నా. నేను మ్యూనిక్‌లో ఉద్యోగం చేస్తున్నా, ఆఫీసుకెళ్ళే బస్సు ఆ బాబాయి పేరు మీదున్న రోడ్డులోంచే వెళ్తుంది, రోజూ మ్యూజియం ముందు గుర్రం మీద కనిపిస్తాడు. పేరు లుయిట్‌పోల్డ్.

అసలు జరిగింది ఏంటంటే, 1886కల్లా బవేరియా (మ్యూనిక్ రాజధానిగా ఉన్న ప్రాంతం, అప్పట్లో రాజ్యం) రాజు రెండో లుడ్విగ్ కోట మీద కోట కడుతూ దాదాపు 1 కోటి 40 లక్షల మార్కుల అప్పులో ఉన్నాడు, ఇంకా అప్పు తెమ్మని పోరు పెడుతున్నాడు, దాంతో మంత్రులు నలుగురు మానసిక వైద్యులతో రిపోర్టు రాయించారు, వాళ్ళేమో రాజుని కూర్చోబెట్టి పరీక్ష చేయకుండా నౌకర్లు చెప్పినవి పట్టుకుని మతి లేదని రాసిచ్చారు. అది ముమ్మాటికీ తప్పే, దానికి తలూపినందుకు బాబాయిని కూడా అనొచ్చు. జూన్ 10న బాబాయి రీజెంట్, అంటే రాజు బదులు పాలించేవాడు, అయ్యాడు. 13న రాజు, ఆ డాక్టర్లలో పెద్దాయన గుడెన్, ఇద్దరూ స్టార్న్‌బెర్గ్ సరస్సులో శవాలై దొరికారు. ఎలా పోయారన్నది ఈరోజుకీ తేలలేదండి, మరి మీకెలా తేలింది?

ఇక సింహాసనం సంగతి. లుడ్విగ్ తర్వాత రాజు ఆయన తమ్ముడు ఒట్టో, పాపం ఆయనకి నిజంగానే మతిస్థిమితం లేదు, పేరుకే రాజు. బాబాయి కావాలనుకుంటే రాజ్యాంగం మార్పించి కిరీటం పెట్టుకునేవాడే, పెట్టుకోలేదు. 65 ఏళ్ళప్పుడు బాధ్యత తీసుకుని 1912 డిసెంబర్లో 91 ఏళ్ళకి పోయేదాకా 26 ఏళ్ళు రీజెంట్‌గానే ఉన్నాడు. ఆయన కొడుకు చూడండి, ఏడాది తిరక్కుండానే రాజ్యాంగం మార్పించి, ఒట్టో బతికుండగానే 1913 నవంబర్లో మూడో లుడ్విగ్‌గా రాజైపోయాడు!

మొదట్లో జనం కూడా మీలాగే బాబాయిని అనుమానించారు లెండి. తర్వాత్తర్వాత దగ్గరయ్యాడు. ఆయన హయాంలోనే 1903లో బవేరియా యూనివర్సిటీల్లో ఆడపిల్లల్ని చేర్చుకున్నారు. ఆయన పేరుతో కేకు కూడా ఉంది, పల్చటి పొరల మధ్య చాక్లెట్ క్రీమ్ పెడతారు, అప్పటి బవేరియాలో ఎనిమిది జిల్లాలు కాబట్టి ఎనిమిది పొరలని ఇక్కడివాళ్ళు చెప్తారు (ఇప్పుడు చాలా షాపుల్లో ఏడే ఉంటున్నాయి, అది వేరే గొడవ).

వచ్చే ఆదివారం ఆ లైనుకి చిన్న సవరణ వేయండి. పనిలోపని ఆ పిచ్చిరాజు అన్న మాట కూడా తీసేయండి, అది పరీక్ష చేయని డాక్టర్లు తగిలించిన పేరు.

ఇట్లు,
మీ పాఠకుడు, మ్యూనిక్