అండమాన్ బీచ్ స్థలాన్ని పాటు వేళ చూడాలి

సంపాదకులకు,

అండమాన్‌లో సముద్రాన్ని ఆనుకున్న కొబ్బరితోట, రిసార్టుకు అనుకూలం అనగానే మనవాళ్లు బయానా ఇవ్వడానికి తొందరపడతారు. ఫొటోలు పోటు మీద, అంటే నీళ్లు నిండుగా ఉన్నప్పుడు తీసినవై ఉంటాయి. అమావాస్యకో పౌర్ణమికో పాటు వేళ, అంటే నీళ్లు వెనక్కి తగ్గినప్పుడు, అక్కడే నిలబడి చూడండి. చాలా తీరాల్లో నీళ్లు దూరం జరిగి పగడపు రాళ్లు బయటపడతాయి. ఈత కుదరదు, పడవ ఒడ్డుకు రాదు. దారి కోసం ఆ రాళ్లను పగలగొట్టడానికి వీల్లేదు, పగడాలకు 1972 వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది. పైగా అలల దెబ్బ కాసేది అవే. అవి పోతే ఇసుకా పోతుంది.

హద్దు సంగతి. 2019 దీవుల తీర నియంత్రణ నోటిఫికేషన్ ప్రకారం హేవలాక్ (స్వరాజ్ ద్వీప్) వంటి చిన్న దీవుల్లో పోటు గీత (పోటు నీళ్లు చేరే హద్దు) నుంచి 20 మీటర్లు, దక్షిణ అండమాన్ వంటి పెద్దవాటిలో 50 మీటర్లు కట్టడాలు లేకుండా వదలాలి. బ్రోకరు టేపు మాత్రం ఆ పూట నీళ్లున్న చోటి నుంచే మొదలవుతుంది! 2004 భూకంపానికి దక్షిణ అండమాన్ సుమారు మీటరు కుంగింది, ఉత్తరాన నేల పైకి లేచింది. కాబట్టి అంతకుముందు పటాల్లోని గీత పనికిరాదు, కొత్తగా సర్వే చేయించాలి.

అసలు చిక్కు మంచినీళ్లు. 30 గదులకు అతిథులు, సిబ్బంది, లాండ్రీ కలిపి రోజుకు 25 వేల లీటర్లు అనుకుందాం. ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది; వెయ్యి చదరపు మీటర్ల పైకప్పు మీద వృథా పోగా 24 లక్షల లీటర్లు దొరుకుతాయి. జనవరి నుంచి ఏప్రిల్ దాకా వానలు అంతంతమాత్రం, ఆ నాలుగు నెలల వాడకమే 30 లక్షలు. సందర్శకులు ఎక్కువగా వచ్చేదీ అప్పుడే. ఏడాది పొడవునా పట్టిన నీళ్లన్నీ దాచినా చాలవు. బోరు వేసి తోడేద్దామంటే, తీరంలో మంచినీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. పైమట్టం ఒక్క మీటరు దిగితే అడుగున ఉప్పు లెక్కప్రకారం 40 మీటర్లు ఎగబాకుతుంది. సముద్రపు నీటిని శుద్ధి చేస్తే వెయ్యి లీటర్లకు మూడు నుంచి ఐదు యూనిట్ల కరెంటు కావాలి. మిగిలిన చిక్కటి ఉప్పునీటిని పగడాల మీదికి వదలకూడదు.

కాగితాల్లో ముందు చూడాల్సింది అటవీ హద్దు. అక్కడ 86 శాతానికి పైగా నేల అటవీ భూమే. సాగు కోసం ఇచ్చిన భూమైతే వినియోగ మార్పు అనుమతి వచ్చాకే పునాది తీయాలి. ఈ అనుమతినీ, ఏప్రిల్‌లో 72 గంటలు బోరు మోటారు నడిపి గంట గంటకూ ఉప్పుశాతం కొలిచే పరీక్షనూ ఒప్పందంలో షరతులుగా రాయించుకున్నాకే బయానా ఇవ్వండి.

– ఒక సివిల్ ఇంజినీరు, విశాఖపట్నం