ఆంక్షల మూల్యం ఎవరిది? అమ్మాయికి ఉత్తరం

బ్రాడీపేట,
గుంటూరు.

చిరంజీవి స్రవంతికి నాన్న ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ మేమందరం క్షేమం. మానవ హక్కుల పేరిట విధించే ఆంక్షల మీద మిత్రదేశాల మధ్య వచ్చే తగాదాల గురించి నువ్వు పంపిన వ్యాసం ముసాయిదా శ్రద్ధగా చదివాను. దాని మీద చెప్పవలసినవి ఫోనులో చెబితే సగం గాలికి పోతాయని కాగితం మీద పెడుతున్నాను.

2020 ఆగస్టులో బెలారుస్ ఎన్నికల తరువాత వీధుల్లోకి వచ్చిన జనాన్ని లుకషెంకో ప్రభుత్వం కొట్టించి జైళ్లలో పెట్టినప్పుడు, అది తప్పేనని ఐరోపా సమాఖ్యలోని 27 దేశాలూ ఒప్పుకున్నా, అందులో ఏ ఒక్కరు కాదన్నా ఆంక్షలు సాగవు గనుక, టర్కీ మీద కూడా చర్య తీసుకుంటే తప్ప ఒప్పుకోనని సైప్రస్ పట్టుబట్టడంతో నిర్ణయం వారాల తరబడి ఆగిపోయిందనీ, ఈలోగా బ్రిటన్, కెనడా సెప్టెంబరు 29నే తమ ఆంక్షల జాబితాలు ప్రకటించాయనీ, ఐరోపా జాబితా అక్టోబరు 2న గానీ వెలువడలేదనీ నువ్వు వ్రాసినదంతా నిజమే. 2022 జూన్‌లో రష్యా మతాధిపతి కిరిల్ పేరును ఐరోపా ఆంక్షల జాబితా నుంచి హంగరీ ఒక్కటే పట్టుబట్టి తీయించిన సంగతీ నిజమే. అయితే వీటన్నిటినీ చూసి, మిత్రదేశాలకు మానవ హక్కులు బేరానికి పనికివచ్చే సరుకు మాత్రమేనని నువ్వు తేల్చిన మాట నాకు సమ్మతం కాదు. మిత్రుల మధ్య ఇటువంటి తగాదా వచ్చినప్పుడల్లా, హక్కులు పోగొట్టుకున్నవారు తామై ఏమి అడిగారో, ఆంక్షల భారం చివరికి ఎవరి నెత్తిన పడిందో చూడాలి. నీ వ్యాసంలో ప్రభుత్వాలు మాత్రమే మాట్లాడుతున్నాయి తల్లీ.

మీ తాతయ్య చిలకలూరిపేట దగ్గర వర్జీనియా పొగాకు వేసే రోజుల సంగతి ఒకటి చెబుతాను. 1965 నవంబరు 11న రొడీషియాలో (నేటి జింబాబ్వే), జనాభాలో సుమారు ఇరవయ్యో వంతే ఉన్న తెల్లవారి ప్రభుత్వం, నల్లవారి చేతికి అధికారం పోకూడదని బ్రిటన్ నుంచి తనంతట తానే స్వాతంత్ర్యం ప్రకటించుకుంది. ఆ దేశపు ప్రధాన ఎగుమతుల్లో మొదటిది వర్జీనియా పొగాకే. 1966 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి ఆ పొగాకును ఎవరూ కొనరాదని కట్టడి చేసింది. మండలి ఒక దేశం మీద తప్పనిసరి ఆర్థిక ఆంక్షలు విధించడం అదే మొదలు. బ్రిటన్ సిగరెట్టు కంపెనీలు వేరే దేశాల ఆకు వెతుక్కోవలసి రావడంతో, ఆ గిరాకీ కొంత మన గుంటూరు ఆకుకూ తగిలింది. మండె (పొగాకు ఆకుల కుప్ప) తిరగవేస్తూ ఆకు మెత్తబడిందో లేదో వేళ్లతో నలిపి చూసుకునే మీ తాతయ్య, తన ఆకుకు పలికిన ధరలో ఎక్కడో ఎవరిదో పోరాటం కూడా ఉందని పొగాకు వ్యాపారుల నోట విని, ఆ మాట మాకు తరచూ చెప్పేవారు.

రొడీషియా విషయంలో బ్రిటన్‌కు అడ్డుతగిలినవారు శత్రువులు కారు. బ్రిటన్‌తో పాటు నాటో సైనిక కూటమి సభ్యదేశమైన పోర్చుగల్ తన వలస మొజాంబిక్ మీదుగా సరుకు పోనిచ్చింది. 1971లో అమెరికా కాంగ్రెస్ బైర్డ్ సవరణ పేరిట రొడీషియా క్రోము కొనడానికి దారి తెరిచి, 1977 దాకా దానిని మూయలేదు. 1978లో వెలువడిన బింగమ్ నివేదికతో (బ్రిటన్ ప్రభుత్వమే జరిపించిన విచారణ అది), షెల్, బీపీ సంస్థల చమురు ఆంక్షలను దాటుకుని రొడీషియా చేరుతూనే ఉన్నదనీ, ఆ సంగతి లండన్‌లోనే కొందరు అధికారులకు తెలుసుననీ బయటపడింది. ఇన్ని చిల్లులున్నా 1980 ఏప్రిల్‌లో జింబాబ్వే ఏర్పడింది. గెరిల్లా యుద్ధమూ, మొజాంబిక్ స్వతంత్రం కావడమూ అందుకు పెద్ద కారణాలు. ఆంక్షలొక్కటే ఆ ప్రభుత్వాన్ని దించాయని నేననను.

నీ వాదానికి అసలైన పరీక్ష దక్షిణాఫ్రికా. 1985 అక్టోబరులో బహామాస్ రాజధాని నసావులో కామన్వెల్త్ నాయకులు సమావేశమైనప్పుడు, జాతి వివక్ష దుర్మార్గమని అందరూ అన్నారు, బ్రిటన్ ప్రధాని మార్గరెట్ థాచర్ కూడా అన్నారు. కాని ఆంక్షలు వేస్తే ముందుగా నష్టపోయేది నల్లజాతి కూలీలేనని ఆమె వాదించి, దక్షిణాఫ్రికా బంగారు నాణేల దిగుమతి ఆపడం వంటి స్వల్ప చర్యలకు మాత్రమే ఒప్పుకుని, తాను కదిలినది ఇంతేనని పత్రికలవారికి వేళ్లతో చూపించారు. 1986 ఆగస్టులో లండన్‌లో ఏడుగురు నాయకులు మళ్లీ కూర్చున్నప్పుడు రాజీవ్ గాంధీ, కెనడా ప్రధాని మల్రోనీ, ఆస్ట్రేలియా ప్రధాని హాక్ సహా ఆరుగురు ఒకవైపు, థాచర్ ఒక్కరే ఒకవైపు నిలిచారు. అంతకు కొద్దిరోజుల ముందే ఎడిన్‌బరో కామన్వెల్త్ క్రీడలను మన దేశంతో సహా 32 దేశాలు బహిష్కరించాయి. అమెరికాలో అధ్యక్షుడు రీగన్ వీటో చేసిన ఆంక్షల చట్టాన్ని, ఆయన సొంత పార్టీ సభ్యులు కూడా కలిసిరాగా, 1986 అక్టోబరు 2న సెనేట్ 78-21 ఓట్లతో నిలబెట్టింది.

థాచర్ వాదం వినడానికి దయగానే ఉంటుంది. అయితే ఆ కూలీల తరఫున మాట్లాడగలిగినవారు అప్పటికే తమ మాట చెప్పి ఉన్నారు. ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ అధ్యక్షుడు ఆల్బర్ట్ లుతూలి 1950ల చివరలోనే, ఆర్థిక బహిష్కరణ వల్ల తమవారికి కష్టాలు తప్పవనీ, ఆ మూల్యం చెల్లించడానికి సిద్ధంగా ఉన్నామనీ ప్రపంచానికి చెప్పారు. లండన్‌లో ఆ ఆరుగురిలో జాంబియా నాయకుడు కౌండా, జింబాబ్వే నాయకుడు ముగాబే ఉన్నారు. సముద్రతీరం లేని ఆ రెండు దేశాల సరుకులో చాలా భాగం దక్షిణాఫ్రికా రైళ్ల మీద, రేవుల మీద నడిచేది. దక్షిణాఫ్రికా ప్రభుత్వం పగబడితే ముందుగా ఎవరికి దెబ్బో తెలిసి కూడా వారు ఆంక్షలు కోరారు. బ్రిటన్‌కు అక్కడ భారీ పెట్టుబడులు ఉన్నాయి, ఆ లెక్కను విడిచిపెట్టి ఈ తగాదాను అర్థం చేసుకోలేము. అయినా ఇందులో హక్కుల మాట ఒట్టి సాకు అని ఎలా అంటావు?

ఇరాక్ దగ్గరికి వస్తే నేను నీ పక్షానికి చాలా దగ్గరగా వస్తాను. 1990 ఆగస్టు నుంచి పదమూడేళ్లు నడిచిన ఆంక్షలను కోరినవారు ఇరాక్ ప్రజలు కారు, సద్దాం పాలనలో నోరు విప్పే వీలు వారికి లేదు, భారమంతా మాత్రం వారిదే. ఐక్యరాజ్యసమితి తరఫున అక్కడ సహాయ కార్యక్రమం నడిపిన డెనిస్ హాలిడే 1998లో నిరసనగా పదవి వదులుకున్నారు. 1999 డిసెంబరులో కొత్త తీర్మానం వచ్చేనాటికి ఫ్రాన్స్ తన మిత్రులైన అమెరికా, బ్రిటన్‌ల సరసన ఓటు వేయకుండా తటస్థంగా ఉండిపోయింది.

ఇటువంటి భారం కాగితాల మీద ఎలా కదులుతుందో మా ఎగుమతి కార్యాలయంలో నేను దగ్గరగా చూశాను. 2018 మేలో అమెరికా ఇరాన్ అణు ఒప్పందం నుంచి వైదొలిగి మళ్లీ ఆంక్షలకు దిగిన తరువాత, ఒక దుబాయి కొనుగోలుదారు ఇచ్చిన ఎల్‌సీలో (బ్యాంకు చెల్లింపు హామీ పత్రం) చివరి రేవు ఇరాన్‌లోని బందర్ అబ్బాస్ అని ఉండడం చూసి, ఆహార పదార్థాలకు మినహాయింపు ఉందని మేమెంత చెప్పినా వినక, బ్యాంకువారు మా ఎండుమిర్చి పత్రాలన్నీ తిప్పి పంపేశారు. కంటైనరు గోదాములోనే ఉండిపోయింది. చట్టం వదిలిపెట్టిన సరుకును కూడా భయం ఆపేస్తుంది. బ్రిటన్, ఫ్రాన్స్, జర్మనీ అమెరికాతో విభేదించి, డాలరుతో పనిలేకుండా ఇరాన్‌తో వ్యాపారం సాగడానికి 2019లో ఇన్‌స్టెక్స్ అనే ఏర్పాటు చేశాయి గాని, 2020 మార్చిలో వైద్య సామగ్రి ఒకటి పంపడానికే దాని బలం సరిపోయింది, 2023లో మూసేశారు.

మన దేశం సంగతి నువ్వు ఒక్క వాక్యంతో దాటవేశావు, అది నాకు నచ్చలేదు. 1946లోనే దక్షిణాఫ్రికాతో వ్యాపారం తెంచుకున్న మనం, ఇప్పుడు భద్రతా మండలి విధించినవి తప్ప వేరే ఆంక్షలను గుర్తించమంటున్నాము. ఒక్కొక్క బలమైన దేశం తన చట్టాన్ని లోకమంతటి మీద రుద్దకుండా ఆ నియమం కాపాడుతుందని నేనూ నమ్ముతాను. కాని 2021 మార్చి 27న మయన్మార్ సైన్యం రాజధాని నేపిడాలో కవాతు జరుపుతూ, అదే రోజు వందమందికి పైగా పౌరులను కాల్చిచంపినప్పుడు, ఆ కవాతుకు మన ప్రతినిధి హాజరు కావలసిన అవసరం ఏమిటో నాకు ఈనాటికీ అర్థం కాదు. సరిహద్దు ఉంది, ఈశాన్యంలో భద్రత ఉంది, ఒప్పుకుంటాను. మిజోరంకు పారిపోయి వచ్చినవారికి ఆ మాట చాలదు.

ఇక ఐరోపా సమాఖ్య ఏకగ్రీవ నియమాన్ని ఎత్తివేయాలన్న నీ సూచనకు నేను వ్యతిరేకిని కాను గాని, 1974 నుంచి తన నేలలో మూడో వంతుకు పైగా టర్కీ సైన్యం అదుపులో ఉన్న చిన్న దేశానికి ఆ వీటో తప్ప మరో ఆయుధం లేదన్నది కూడా వ్రాయి. సైప్రస్ ఫిర్యాదు న్యాయమైనదే. దానిని బెలారుస్ రాజధాని మిన్‌స్క్ ఖైదీల మెడకు కట్టడం అన్యాయం. ఆ జాప్యం ఎంత బాధాకరమో నీ ముసాయిదాలో తెలియకపోవడానికి కారణం, బెలారుస్ ప్రతిపక్ష నాయకురాలు స్వెత్లానా టిఖనోవ్‌స్కయా అందులో ఎక్కడా లేకపోవడమే. భర్త జైలులో ఉండగా ఎన్నికల్లో నిలబడి, దేశం విడిచిపోవలసి వచ్చిన ఆమె, 2020 సెప్టెంబరు 21న బ్రసెల్స్‌లో ఐరోపా సమాఖ్య విదేశాంగ మంత్రులను కలిసి ఆంక్షలు విధించమని స్వయంగా అడిగారు. వారు తేల్చుకోలేక లేచిపోయింది ఆ రోజే. ఆ పేరా చేర్చి, వ్యాసాన్ని మళ్లీ నాకు పంపు.

ఇట్లు,
మీ నాన్న