ఏపీకే తెరవొద్దంటారు, గ్రూపులో అధికారులే పంపుతారు

సంపాదకుడు గారికి,

వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్లు (నొక్కితే ఆండ్రాయిడ్ ఫోన్‌లో యాప్ ఎక్కించేవి) తెరవకండి అని పోలీసులు చెప్తూనే ఉన్నారు, మీ పత్రిక రాస్తూనే ఉంది, బ్యాంకులు మెసేజీలు పెడుతూనే ఉన్నాయి. అయినా అవి తెరిచేసిన ఫోన్లు మా షాపుకి వస్తూనే ఉన్నాయి. నేను నరసరావుపేటలో సెల్ రిపేర్ షాపు నడుపుతాను, పక్కనే కంప్యూటర్, ప్రింటర్ పెట్టుకుని జిరాక్సులు, ఆన్‌లైన్ అప్లికేషన్లు కూడా చేస్తుంటాం. జనానికి తెలివి లేక మోసపోతున్నారు అనే మాట నాకు అస్సలు నచ్చదు. ఈ అలవాటు వాళ్లకి ఎవరు చేశారో కూడా కాస్త మాట్లాడుకోవాలని ఈ ఉత్తరం రాస్తున్నా.

ఆర్టీఓ చలాన్, పీఎం కిసాన్, బ్యాంకు కేవైసీ, పెళ్లి శుభలేఖ... ఫైలు పేరు ఏదైనా కావచ్చు, చివర డాట్ ఏపీకే అని ఉంటుంది. శుభలేఖ అయితే ఫొటోగానో పీడీఎఫ్‌గానో రావాలి గానీ యాప్‌గా ఎందుకొస్తుంది? ఆ అనుమానం ఎవరికీ రాదు, ఎందుకంటే పంపింది తెలిసినవాళ్ల నంబరే. వాళ్ల వాట్సాప్ అప్పటికే దొంగల చేతిలో ఉంటుంది, అందులోంచి గ్రూపులన్నిటికీ వాళ్లకి తెలియకుండానే వెళ్తుంటుంది. నొక్కగానే తెలియని యాప్‌లకి అనుమతి ఇవ్వాలా అని ఫోన్ అడుగుతుంది, ఇచ్చేస్తారు. ఆ తర్వాత ఎస్ఎంఎస్‌లు చదివే పర్మిషన్, నోటిఫికేషన్లు చూసే పర్మిషన్, కొన్ని యాక్సెసిబిలిటీ కూడా అడుగుతాయి. ఈ చివరిది ఇచ్చారంటే అది స్క్రీన్ మీద ఉన్నది చదవగలదు, మన బదులు బటన్లు కూడా నొక్కగలదు. చాలాసార్లు ఐకాన్ కూడా కనపడకుండా పోతుంది, అందుకే ఆ మనిషి "ఏదో ఓపెన్ కాలేదులే" అనుకుని ఫోన్ జేబులో పెట్టుకుంటాడు. ఇక ఓటీపీలు వచ్చినవి వచ్చినట్టు అవతలివాడికి పోతుంటాయి. నేను ఎవరికీ ఓటీపీ చెప్పలేదన్నా అని ఒట్టేసి మరీ చెప్తారు. నిజమే, చెప్పక్కర్లేదు కదా.

ఇప్పుడు అసలు విషయానికొస్తా. మా దగ్గరికి వచ్చేవాళ్లలో ఊళ్లలో తిరిగి పనిచేసే ప్రభుత్వ సిబ్బంది చాలామంది. హాజరు, ఫొటోలు, సర్వేలు, వాళ్ల డ్యూటీ అంతా యాప్‌ల మీదే. ఆ యాప్‌కి కొత్త వెర్షన్ వచ్చిందంటే పైనుంచి వాట్సాప్ గ్రూపులో ఒక ఏపీకే ఫైలో డ్రైవ్ లింకో పడుతుంది, పాతది తీసేసి సాయంత్రంలోగా ఇది వేసుకోండి, లేకపోతే హాజరు పడదు అని కింద ఒక లైను. అన్ని శాఖలూ ఇలాగే చేస్తున్నాయని అనను, ప్లే స్టోర్‌లో పద్ధతిగా పెట్టినవీ ఉన్నాయి. కానీ నా చేతికి వచ్చే ఫోన్లలో ఇది మామూలు విషయం. ఆ ఫైలు ఎక్కకపోతే మళ్లీ మా దగ్గరికే తెస్తారు, "ప్లే ప్రొటెక్ట్ అడ్డుపడుతోంది తమ్ముడూ, కాసేపు ఆపెయ్" అంటారు. ఆండ్రాయిడ్ ఫోన్లలో చెడ్డ యాప్‌లని పట్టుకోవడానికి గూగుల్ పెట్టిన కాపలా అది. బయట నుంచి వచ్చే యాప్ ఎస్ఎంఎస్, నోటిఫికేషన్, యాక్సెసిబిలిటీ పర్మిషన్లు అడుగుతుంటే దాన్ని ఆపేసే ఏర్పాటుని గూగుల్ మన దేశంలో మొదలుపెడుతున్నట్టు 2024లో ప్రకటించింది, అది ఉండేది ఈ ప్లే ప్రొటెక్ట్‌లోనే. దొంగ ఫోన్ చేసి దేన్ని ఆపమంటాడో గ్రూపులో సారు కూడా దాన్నే ఆపమంటుంటే, ఆ ఉద్యోగి మర్నాడు చలాన్ ఫైలు వస్తే ఎందుకు అనుమానించాలి? ఆ ఉద్యోగిని చూసి ఇంట్లో పిల్లలు, ఇరుగుపొరుగు నేర్చుకునేదీ అదే.

కంప్యూటర్ల సంగతీ అంతే. మా లైన్‌లో ఉన్న డీటీపీ సెంటర్లు, నెట్ సెంటర్లు చూడండి, క్రాక్ చేసిన (డబ్బు కట్టకుండా వాడే దొంగ కాపీ) విండోస్, క్రాక్ చేసిన పేజ్‌మేకర్, వాటిని పట్టేస్తుందని ఆపేసిన యాంటీవైరస్. ఒరిజినల్ కొనే స్తోమత లేదంటారు, కొందరి విషయంలో నిజమే కావచ్చు, కానీ విండోస్‌తో ఉచితంగా వచ్చే డిఫెండర్ యాంటీవైరస్‌ని కూడా ఆపేయడం ఏం పొదుపు? ఆ కంప్యూటర్‌కి పెన్‌డ్రైవ్ పెట్టి ఇంటికి తీసుకెళ్తే ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లై కనిపిస్తాయి, అది ఊరంతా తెలిసిన వైరసే. పైగా అప్లికేషన్ పెట్టడానికి వచ్చినవాళ్ల ఆధార్, పాస్‌బుక్ కాపీలన్నీ అక్కడే డౌన్‌లోడ్స్‌లో పడి ఉంటాయి, ఎవరూ తీయరు. 2017 మే నెలలో, ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే వానాక్రై వైరస్ వచ్చినప్పుడు మన రాష్ట్రంలో పోలీసు స్టేషన్ల కంప్యూటర్లే లాక్ అయిపోయాయి. దానికి విరుగుడు అప్‌డేట్‌ని మైక్రోసాఫ్ట్ అంతకు రెండు నెలల ముందే, మార్చిలోనే ఇచ్చింది. అప్‌డేట్ వేసుకోవడం అంత కష్టంగా ఉంది మనకి. విండోస్ 10కి సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది, ఇప్పటికీ ఎన్ని ఆఫీసుల్లో అదే నడుస్తోందో ఒకసారి లెక్క తీస్తే బాగుంటుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి చెప్పాలి. డబ్బు పోగానే టెన్షన్‌లో పరుగెత్తుకొచ్చి "అన్నా, ముందు ఫార్మాట్ కొట్టెయ్" అంటారు. కొట్టకూడదు. ఫార్మాట్ చేస్తే ఆ ఫైలు, అది వచ్చిన నంబరు, మెసేజీలు అన్నీ పోతాయి, రేపు కంప్లైంట్‌లో చూపించడానికి ఏమీ ఉండదు. ముందు ఫోన్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి, వైఫై కూడా ఆగిందో లేదో చూసుకోండి. వేరే ఫోన్ నుంచి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేయండి, వెంటనే బ్యాంకుకీ చెప్పండి. కంప్లైంట్ నంబరు రాసుకోండి. బ్యాంకుకి చెప్పిన తర్వాత కూడా దొంగ లావాదేవీలు జరిగితే ఆ నష్టం బ్యాంకుదే అని రిజర్వ్ బ్యాంక్ 2017లోనే సర్క్యులర్ ఇచ్చింది, కాబట్టి ఎన్ని గంటలకి చెప్పారన్నది చాలా ముఖ్యం. స్క్రీన్ మీద ఉన్నవన్నీ ఆ రెండో ఫోన్‌తో ఫొటోలు తీసుకోండి. ఇవన్నీ అయ్యాక, ఫోన్ ఇక అవసరం లేదని పోలీసులు చెప్పాక అప్పుడు ఫార్మాట్. ఆ తర్వాత *#21# కొట్టి మీ కాల్స్ ఎవరికైనా ఫార్వర్డ్ అవుతున్నాయేమో కూడా చూసుకోండి, ఉంటే ##002# తో పోతుంది. బ్యాంకు పాస్‌వర్డ్‌లు, యూపీఐ పిన్ మార్చడం శుభ్రం చేసిన ఫోన్‌లోనే చేయాలి, వైరస్ ఉన్న ఫోన్‌లోనే కూర్చుని పిన్ మార్చేవాళ్లని చూశాను.

ప్రభుత్వం ఏమీ చేయలేదనను. కేంద్ర ప్రభుత్వ సైబర్ స్వచ్ఛతా కేంద్ర 2017 నుంచీ ఉంది, అందులో బాట్లని (మన ఫోన్, కంప్యూటర్లని దొంగల చేతికిచ్చే వైరస్‌లని) ఉచితంగా తీసేసే టూల్స్ ఉన్నాయి, ఫోన్ల కోసం ఉన్న ఎం-కవచ్ యాప్ మన హైదరాబాద్‌లోని కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ సీడాక్ వాళ్లు చేసిందే. షాపుకి వచ్చేవాళ్లని అడుగుతుంటాను, ఒక్కరికీ వీటి పేర్లు తెలియవు.

కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు రెండింటినీ అడిగేది ఒకటే. సిబ్బందికి ఇచ్చే ప్రతి యాప్ ప్లే స్టోర్‌లోనే ఉండాలి, అందరికీ కనపడకూడదంటే ఎంచుకున్నవాళ్లకే ఇచ్చే ఏర్పాటు అందులోనే ఉంది, పైగా అప్‌డేట్ దానంతటదే వస్తుంది. గ్రూపుల్లో ఏపీకే పంపడం, ప్లే ప్రొటెక్ట్ ఆపమనడం నిషేధిస్తూ ఒక జీవో ఇవ్వండి. అప్పుడు వాట్సాప్‌లో వచ్చిన ఏ ఏపీకే అయినా దొంగదే అని ఇంకో ఆలోచన లేకుండా చెప్పొచ్చు, ఇప్పుడు అలా చెప్పలేకపోతున్నాం.

మీకూ ఒక మాట. ఇలాంటి వార్త వేసినప్పుడు ఎన్ని లక్షలు పోయాయో పెద్దక్షరాల్లో వేస్తారు, ఆ ఫైలు ఏ పేరుతో వచ్చింది, ఏ పర్మిషన్లు అడిగింది అన్నది మాత్రం ఉండదు. ఆ రెండు లైన్లూ హెడ్డింగ్ కిందే, 1930 పక్కన వేయండి.

– ఒక సెల్ రిపేర్ షాపు యజమాని, నరసరావుపేట